స్కూల్ బస్ పాస్ రిజెక్ట్ చేశారు, అప్పీల్ చేశాం: ఇంగ్లాండ్‌లో మా అనుభవం

మా పాప సెకండరీ స్కూల్‌కి కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) ఉచిత ట్రాన్స్‌పోర్ట్ అప్లై చేసింది 2024 మార్చిలో, పాస్ చేతికొచ్చింది సెప్టెంబర్ ఆఖర్లో. మధ్యలో ఏం జరిగిందో ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది అనిపించింది, అందుకే రాస్తున్నా. గ్రూపుల్లో అడిగితే అందరూ "మూడు మైళ్ళ లోపు అయితే రాదండీ, వదిలేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది సగం నిజమే. ఇది ఇంగ్లాండ్ సంగతి, స్కాట్లాండ్, వేల్స్‌లో చట్టం వేరు. కౌన్సిల్ పేరు, ఊరి పేరు రాయను, అడగొద్దు.

మాది టౌన్ చివర కొత్తగా కట్టిన ఎస్టేట్, అంటే ఇళ్ళ కాలనీ. ఎస్టేట్ మొదట్లోనే కౌన్సిల్ స్కూల్ కోచ్ ఆగుతుంది, అవతల రెండు పల్లెల పిల్లల్ని ఎక్కించుకుని వస్తుంది, చాలా సీట్లు ఖాళీగానే ఉంటాయి. అది చూసి మాకు బస్సు సంగతి సమస్యే కాదనుకున్నాం. 2023 అక్టోబర్ 31 లోపు అడ్మిషన్ ఫారం పెట్టాం, 2024 మార్చి 1న ఆ స్కూల్ అలాట్ అయింది, మార్చి 20న ట్రాన్స్‌పోర్ట్ ఫారం నింపాం. ఫారం పది నిమిషాల పని. తర్వాత నిశ్శబ్దం, ఈస్టర్ సెలవులు అయిపోయాయి, ఏప్రిల్ అయిపోయింది, ఫోన్ చేస్తే "అప్లికేషన్లు చాలా ఉన్నాయి" అన్నారు. మే 14న ఈమెయిల్: మీ ఇల్లు స్కూల్‌కి 2.74 మైళ్ళు, 8 ఏళ్ళు దాటిన పిల్లలకి 3 మైళ్ళు ఉండాలి, కాబట్టి అర్హత లేదు. అంతే. కింద అప్పీల్ చేసుకోవచ్చని ఒక లింక్.

మాకు ముందు ఆశ్చర్యం, తర్వాత కోపం, ఎందుకంటే కార్లో వెళ్తే అది మూడున్నర మైళ్ళు. మా ఆయన ఓడోమీటర్ ఫోటో తీసి పంపుదామన్నాడు. దానికి విలువ లేదు. కొలిచేది కారు దారి కాదు, పిల్లలు నడవగలిగే అతి దగ్గరి దారి, పొలాల్లోంచి పోయే పబ్లిక్ ఫుట్‌పాత్ కూడా అందులో కలుస్తుంది. మ్యాప్ పంపమని అడిగితే నాలుగు రోజులకి పంపారు (అడక్కపోతే పంపరు, మీరు మొదటి రోజే అడగండి). మ్యాప్‌లో ఎర్ర గీత మా గుమ్మం నుంచి బయల్దేరి, ఎస్టేట్ దాటి, ఒక ఇరుకు లేన్ పట్టుకుని, ఆ లేన్ మధ్యలో రోడ్డు దాటి, పొలాల్లో పడి, వాగు పక్కనుంచి వెళ్ళి స్కూల్ వెనక గేటు దగ్గర తేలింది. వెనక గేటు ఉందనే మాకు తెలీదు. మా ఆయన ఎగిరి గంతేసి స్కూల్‌కి మెయిల్ కొట్టాడు, ఆ గేటు మూసే ఉంటుంది కదా అని. పొద్దున ఒక పావుగంట, సాయంత్రం ఒక పావుగంట పిల్లల కోసం తీస్తారని జవాబొచ్చింది. పిల్లలు వాడే గేటు అయితే అక్కడిదాకానే కొలవొచ్చు. ఆ పాయింట్ అక్కడితో పోయింది.

ఆ వారాంతం ముగ్గురం ఆ దారిలో నడిచాం. మే నెల, ఎండ, పక్షులు, పాప హాయిగా ఉంది, నాకు మాత్రం లేన్‌లో అడుగు పెట్టగానే గుండె దడ మొదలైంది. పేవ్‌మెంట్ లేదు. రెండు వైపులా హెడ్జ్ (పొదల కంచె) రోడ్డు మీదకి వాలిపోయి ఉంది, పక్కకి తప్పుకోడానికి గడ్డి అంచు అని చెప్పుకునేది ఒక అడుగు కూడా లేదు. అక్కడ నేషనల్ స్పీడ్ లిమిట్, అంటే కారు గంటకి 60 మైళ్ళతో రావచ్చు, చట్టప్రకారమే. ఒక డెలివరీ వ్యాన్ వస్తే ముగ్గురం ముళ్ళ కంపలోకి ఒదిగి నిలబడ్డాం. పాప అడిగింది, "అమ్మా, డిసెంబర్‌లో ఇక్కడ లైట్ ఉంటుందా?" అని. స్తంభం ఒక్కటి లేదు. డిసెంబర్‌లో ఇక్కడ తెల్లారేది ఎనిమిదింటికి, పొద్దు వాలేది నాలుగు లోపే. స్కూల్ 8:40కి, నడక గంట పట్టింది, అంటే ఏడున్నరకి చీకట్లో బయల్దేరాలి.

ఇంటికొచ్చి అత్తయ్యకి వీడియో కాల్‌లో చెప్తే "మేము నాలుగు కిలోమీటర్లు నడిచి చదువుకున్నాం, ఏమైందిప్పుడు" అన్నారు. ఆవిడ నడిచిన దార్లో ఎడ్లబండ్లు పోయేవి అత్తయ్యా అన్నాను, మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇక చదవడం మొదలుపెట్టాను. కౌన్సిల్ పాలసీ పీడీఎఫ్ ముప్పై పేజీల పైన ఉంది, ఎఫ్ఏక్యూ పేజీ చదివి ఆగిపోతే లాభం లేదు, అసలు పాలసీ వేరే చోట ఉంటుంది. దాని పైన విద్యాశాఖ వాళ్ళ స్టాట్యుటరీ గైడెన్స్ ఒకటుంది, 2023 జూన్‌లో కొత్తది వచ్చి 2024 జనవరిలో అప్‌డేట్ అయింది, కౌన్సిళ్ళన్నీ దాన్ని పరిగణించి తీరాలి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని రాత్రిళ్ళు చదివాను. ఆఫీసు పని, వంట, పాప చిన్న తమ్ముడు, వాటన్నిటి తర్వాత పది దాటాక కూర్చుంటే కళ్ళు మూతలు పడేవి, అయినా ఇక్కడే మా కేసు దొరికింది కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

చట్టం 1996 ఎడ్యుకేషన్ యాక్ట్. 8 ఏళ్ళ లోపు 2 మైళ్ళు, ఆ పైన 3 మైళ్ళు. కానీ ఆ దారి, అవసరమైతే పెద్దవాళ్ళు తోడుంటే, పిల్లలు సురక్షితంగా నడవగలిగేదై ఉండాలి. కాకపోతే దాన్ని కొలతలోకి తీసుకోకూడదు, తర్వాతి దగ్గరి దారి కొలవాలి. మా తర్వాతి దారి మెయిన్ రోడ్డు పక్కన పేవ్‌మెంట్ మీద, 3.4 మైళ్ళు. అంటే కేసు మొత్తం ఆ లేన్ మీదే ఆధారపడి ఉంది. డిసేబిలిటీ, ప్రత్యేక అవసరాల వల్ల నడవలేని పిల్లలకి దూరంతో పనే లేదు, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకి దూరం లెక్కలు వేరేగా ఉంటాయి, మేము ఆ రెంట్లోకీ రాము.

నన్ను బాగా కుంగదీసింది ఆ "తోడు" సంగతి. దారి ప్రమాదమా కాదా అని చూసేటప్పుడు పిల్లని ఒంటరిగా ఊహించరు, పక్కన అమ్మో నాన్నో ఉన్నట్టు ఊహిస్తారు. "చిన్నపిల్ల చీకట్లో ఒంటరిగా ఎలా వెళ్తుంది" అని మనం పేజీలు పేజీలు ఏడ్చినా వాళ్ళ లెక్కలో అది సున్నా. నేను తోడుగా ఉన్నా వ్యాన్ వస్తే ఇద్దరం ఎక్కడికి తప్పుకోవాలి, అది రాయాలి. ఈ తేడా తెలిసేదాకా నేను రాసిన డ్రాఫ్ట్ అంతా కన్నీళ్ళే, తీసేసి మళ్ళీ రాశాను.

రెండో విషయం, మా కౌన్సిల్ పాలసీలో ఒక లైన్: వీధి దీపాలు లేకపోవడం పరిగణించబడదు. గైడెన్స్‌లో చూస్తే దారి అంచనా వేసేటప్పుడు చూడాల్సిన వాటిలో వీధి దీపాలు ఉన్నాయి, ట్రాఫిక్ వేగం ఉంది, పేవ్‌మెంట్ ఉంది, సంవత్సరంలో వేర్వేరు కాలాల్లో పిల్లలు వెళ్ళే టైమ్‌కి దారి ఎలా ఉంటుందో కూడా చూడాలని ఉంది. మూడోది, తల్లిదండ్రుల ఉద్యోగం ఏ పరిస్థితిలోనూ లెక్కలోకి రాదని మా పాలసీ. గైడెన్స్ అలా తలుపు మూసెయ్యలేదు, ఉద్యోగం ఒక్కటే కారణమైతే మామూలుగా ఇవ్వరు గానీ, తోడు వెళ్ళలేకపోవడానికి సరైన కారణం ఉందని చెప్పినప్పుడు కౌన్సిల్ ఆలోచించాలి. పక్క కౌంటీల పాలసీలు కూడా తెరిచి చూశాను, ఒకళ్ళు గైడెన్స్ మాటలే దించి పెట్టారు, ఇంకొకళ్ళు తమ రూట్ అసెస్‌మెంట్లన్నీ అందరికీ కనపడేలా పెట్టారు. మా వాళ్ళవి ఎక్కడా లేవు.

అందుకని ఎఫ్ఓఐ (ఇక్కడి సమాచార హక్కు చట్టం) కింద మెయిల్ పెట్టాను, ఈ లేన్ మీద మీరు చేసిన సేఫ్టీ అసెస్‌మెంట్ కాపీ ఇవ్వండి అని. పైసా ఖర్చు లేదు. వాళ్ళకి 20 పనిదినాల గడువుంటుంది. అప్పీల్ మొదటి మెట్టు, అంటే స్టేజ్ వన్ పెట్టడానికి మనక్కూడా 20 పనిదినాలే, కాబట్టి ఆ కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే గడువు దాటిపోతుంది. జూన్ 6న స్టేజ్ వన్ పంపేశాను, ఫోటోలు, నడిచిన వీడియో, పాలసీకీ గైడెన్స్‌కీ ఉన్న తేడాలు ఒక టేబుల్ వేసి. ఎఫ్ఓఐ జవాబు సరిగ్గా ఆఖరి రోజు సాయంత్రం వచ్చింది.

ఆ రిపోర్ట్ తెరిచి చదివినప్పుడు నిజంగా కేక వేశాను. అసెస్‌మెంట్ చేసింది 2015 జూలైలో, పొద్దున పదిన్నరకి. మా ఎస్టేట్ అప్పటికి పునాది కూడా పడలేదు. "పక్కకి తప్పుకోడానికి గడ్డి అంచు అందుబాటులో ఉంది" అని రాసుంది, తొమ్మిదేళ్ళలో హెడ్జ్ దాన్ని మింగేసింది. ట్రాఫిక్ లెక్క గంటకి వంద లోపు. రోడ్ సేఫ్టీ జీబీ (రోడ్డు భద్రత మీద పని చేసే సంస్థ) వాళ్ళ గైడ్‌లైన్స్ ప్రకారమే లెక్కేశామని రాశారు, ఆ గైడ్‌లైన్స్‌లో రెండు వైపులా కలిపి గంటకి 240 వాహనాల లోపు ఉంటే రోడ్డు దాటడానికి ఇబ్బంది లేదని లెక్క. మా ఆయన ఒక మంగళవారం ఎనిమిది ముందు నుంచి తొమ్మిది ముందు దాకా ఫోల్డింగ్ కుర్చీ వేసుకుని ఆ దాటే చోట గీతలు పెడుతూ కూర్చున్నాడు, మూడొందలు దాటాయి. టౌన్ ట్రాఫిక్ తప్పించుకోడానికి మా ఎస్టేట్ వాళ్ళందరూ ఆ లేనే వాడుతున్నారు మరి, నిజం చెప్పాలంటే మేమూ వాడేవాళ్ళమే.

స్టేజ్ వన్ అంటే ఎవరో బయటివాళ్ళు చూస్తారనుకోకండి, అదే కౌన్సిల్‌లో పై ఆఫీసర్ ఒకరు ఫైల్ తిరగేస్తారు. జూలై 3న జవాబు. మళ్ళీ నో. దారి "గతంలో అంచనా వేయబడింది" కాబట్టి సురక్షితమే, పేరెంట్ తోడు వెళ్ళొచ్చు, టార్చ్, మెరిసే జాకెట్ వాడుకోవచ్చు. నా టేబుల్ గురించి ఒక్క వాక్యం లేదు. ఆ రోజు చాలా నీరసం వచ్చింది. వాళ్ళ దగ్గర జీతానికి పని చేసే మనుషులు, మన దగ్గర రాత్రి పది తర్వాత మిగిలిన ఓపిక. మా ఆయన "కారుకి పెట్రోల్ పోయించుకుందాం, వదిలెయ్" అన్నాడు. నేను రెండు రోజులు ఆ ఫోల్డర్ ముట్టుకోలేదు.

మళ్ళీ లేపింది ఇంకో కౌంటీలో ఉండే ఒక తెలుగు అక్క. ఆవిడ బాధ వేరే: వాళ్ళ కాచ్‌మెంట్ స్కూలే (వాళ్ళ ఏరియాకి కేటాయించినదే) అయినా, కౌంటీ సరిహద్దు అవతల ఇంకో స్కూల్ దగ్గరగా ఉందనీ, అప్లై చేసుంటే అక్కడ సీటు వచ్చేదనీ పాస్ ఇవ్వలేదు. కాచ్‌మెంట్ వేరు, దగ్గరి తగిన స్కూల్ వేరు, ఉచిత బస్సుకి లెక్క రెండోదే. అక్టోబర్‌లో ప్రిఫరెన్సులు నింపేటప్పుడే ఈ సంగతి చూసుకోవాలి, తర్వాత చేయగలిగింది తక్కువ. ఆవిడే చెప్పింది, "ఒంబుడ్స్‌మన్ తీర్పులు ఆన్‌లైన్‌లో పెడతారు, చదువు, వాళ్ళు దేన్ని తప్పంటారో తెలుస్తుంది" అని. లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఒంబుడ్స్‌మన్ (కౌన్సిళ్ళ మీద ఫిర్యాదులు విచారించేవాళ్ళు) సైట్‌లో స్కూల్ ట్రాన్స్‌పోర్ట్ అని వెతికితే బోలెడు. వాళ్ళు పాస్ ఇవ్వాలా వద్దా అని మొదట చూడరు, నిర్ణయం తీసుకున్న పద్ధతి సరిగ్గా ఉందా అని చూస్తారు: తల్లిదండ్రులు ఇచ్చిన సాక్ష్యం పట్టించుకున్నారా, కారణాలు రాశారా, "మా పాలసీ ఇంతే" అని గుడ్డిగా తోసేశారా. నా స్టేజ్ టూ లెటర్ ఆ వరసలోనే రాశాను. రెండు పేజీలు, కోపం లేకుండా, ఒక్కో పాయింట్‌కి ఒక్కో కాగితం జత చేసి. చలికాలం ఫోటో మా దగ్గర లేదు, రోజూ ఆ పొలాల్లో కుక్కని తిప్పే పొరుగింటి పెద్దాయన ఫిబ్రవరిలో తీసిన ఫోటో ఇచ్చాడు, వాగు పొంగి ఫుట్‌పాత్ కనపడట్లేదు, కంచె దాటడానికి పెట్టిన చెక్క మెట్లలో (స్టైల్) మొదటి మెట్టు దాకా నీళ్ళు. అన్నిటికన్నా అదే బాగా పని చేసిందని నా నమ్మకం. జూలై 24న పంపించాం.

స్టేజ్ టూకి వాళ్ళ గడువు 40 పనిదినాలు. ఆగస్టు నెలంతా అందులోనే పోయింది. స్కూల్ మొదలయ్యేది సెప్టెంబర్ 4. ఈలోగా ఏదో ఒకటి చెయ్యాలి కదా, అదే కోచ్‌లో "స్పేర్ సీట్" కొనుక్కోవచ్చని పాలసీలో ఉంది, మా దగ్గర అప్పుడు ఏడాదికి 930 పౌండ్లు, టర్మ్‌కి 310. ఎప్పుడైనా అర్హత ఉన్న పిల్లలు వస్తే మన సీటు తీసేసుకుంటారని కూడా అందులోనే ఉంది. ఖాళీగా వెళ్ళే బస్సుకి డబ్బు కట్టడం కడుపు మండిపోయింది గానీ కట్టేశాం. కట్టే ముందు ఒక మెయిల్ పెట్టాను, అప్పీల్ పెండింగ్‌లో ఉంది, గెలిస్తే రిఫండ్ అడుగుతాం అని. ఆ మెయిల్ తర్వాత చాలా ఉపయోగపడింది.

స్టేజ్ టూ అప్పీల్ వినే ప్యానెల్ సెప్టెంబర్ 18న, టీమ్స్ వీడియో కాల్‌లో. వారం ముందు కాగితాల కట్ట పీడీఎఫ్‌లో వచ్చింది, అందులో మా వీడియో లింక్ పనిచేయట్లేదు, చూసుకుని మళ్ళీ పంపాను, లేకపోతే ప్యానెల్‌కి అది ఉన్నట్టే తెలిసేది కాదు. ముగ్గురు కౌన్సిలర్లు, ఒక క్లర్క్, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసర్. ప్యానెల్‌లో కూర్చునేవాళ్ళు మొదటి నిర్ణయంలో చెయ్యి లేనివాళ్ళై ఉండాలి అంతే, కౌన్సిల్‌కి పూర్తిగా బయటివాళ్ళు అవ్వాలని లేదు. నేను కోర్టులా ఉంటుందనుకుని చీర కట్టుకోవాలా సూట్ వేసుకోవాలా అని కంగారు పడ్డాను, కార్డిగన్ వేసుకున్నాను. ముందు ఆఫీసర్ వాళ్ళ వాదన చదివాడు, తర్వాత నన్ను మాట్లాడమన్నారు. గొంతు వణికింది, కాగితం చూసి చదివేశాను, అలా చదివినా ఎవరూ ఏమీ అనుకోరు. మీరిద్దరూ పొద్దున ఎన్నింటికి బయల్దేరతారు అని అడిగారు, చెప్పాం. ఆ తర్వాత ఒక పెద్దావిడ ఆఫీసర్ని అడిగింది, మీ వాళ్ళు ఆ లేన్‌కి చివరిసారి ఎప్పుడు వెళ్ళారు అని. 2015 తర్వాత వెళ్ళలేదు, ఈసారి ఆఫీసులోనే మ్యాప్ మీద చూశాం అన్నాడు పాపం. వరద ఫోటో చూపించి, ఈ రోజున పిల్ల ఏ దారిన వెళ్ళాలి అని ఇంకొకాయన అడిగాడు. మెయిన్ రోడ్డు మీదుగా వెళ్ళొచ్చు అన్నాడు ఆఫీసర్. అది ఎంత దూరం? 3.4 మైళ్ళు. ఆ మాట వాళ్ళ నోటితోనే రావడంతో మా ఆయన టేబుల్ కింద నా చెయ్యి గట్టిగా నొక్కాడు. మొత్తం నలభై నిమిషాలు.

సెప్టెంబర్ 24న లెటర్ వచ్చింది, అప్పీల్ ఒప్పుకున్నారు. ఆ దారి ఇప్పుడున్న స్థితిలో లెక్కలోకి తీసుకోలేమని, తర్వాతి దారి 3 మైళ్ళు దాటింది కాబట్టి పాప అర్హురాలని. వంటింట్లో నిలబడి రెండుసార్లు చదివాను, ఏడుపొచ్చింది, ఇంత చిన్న విషయానికి ఏడుస్తానని నేనే అనుకోలేదు. పాప మాత్రం "అంటే అదే బస్సు, అదే సీటే కదా" అని టోస్ట్ తింటూ వెళ్ళిపోయింది.

పాస్ వారం లోపు వచ్చింది. 310 పౌండ్లు వాటంతటవి రాలేదు, ప్యానెల్ లెటర్‌లో రిఫండ్ ఊసే లేదు, నేను ఆగస్టులో పెట్టిన మెయిల్ జతచేసి అడిగితే ముందు వేరే డిపార్ట్‌మెంట్ అన్నారు, తర్వాత బ్యాంక్ వివరాలు పంపమన్నారు, నవంబర్ రెండో వారంలో పడ్డాయి. మా ఎస్టేట్‌లో ఇదే స్కూల్‌కి వెళ్ళే ఇంకో మూడు ఇళ్ళవాళ్ళు ఉన్నారు, మా నిర్ణయం వాళ్ళకి ఆటోమేటిక్‌గా వర్తించదట, ఎవరి అప్లికేషన్ వాళ్ళదే. వాళ్ళకి మా లెటర్, 2015 రిపోర్ట్ ఇచ్చాను, ఇద్దరికి స్టేజ్ వన్‌లోనే వచ్చేసింది. మూడోవాళ్ళు గడువు దాటిపోయిందని కొత్తగా అప్లై చేశారు, ఇంకా జవాబు రాలేదు.

పాలసీలో ఆ వీధి దీపాల లైన్ మాత్రం అలాగే ఉంది. పాలసీ మార్చాలంటే కౌన్సిల్ జనాన్ని సంప్రదించాలి, స్కూల్ టర్మ్ నడిచే రోజుల్లో కనీసం 28 పనిదినాలు తెరిచి ఉంచాలని గైడెన్స్. మా దగ్గర అలాంటిది పెట్టినప్పుడు ఆ లైన్ గురించి రాయడానికి నా తేడాల టేబుల్ తీసిపెట్టుకున్నాను.